ఎత్తు పెంచాక

తిత్లీ తుఫాను ఎత్తుకుపోయిన కల్వర్టు
మళ్ళీ రాలేదు.
కాగితాల్లో రెండుసార్లు వచ్చిందట.
గెడ్డ మాత్రం ఏటా వస్తోంది.
కల్వర్టు లేవదని తేలాక
జీపునే లేపాను,
నాలుగు అంగుళాలు.

కమాను పట్టీల మధ్య దిమ్మలు, పెద్ద టైర్లు.
మందస సంతలో పిల్లలు
"ఎక్కడానికి నిచ్చెన తెచ్చుకోవాలేటి మావా?" అని నవ్వారు.
ఆ వానాకాలం ఇంజనులోకి నీళ్ళు పోలేదు.
జీడిగింజల బస్తాలు తడవలేదు.
గెలిచాననుకున్నాను.

తర్వాత ఒకరోజు హరిపురం దాటాక,
నున్నటి తారు మీద, ఓ చిన్న గతుకు దగ్గర
స్టీరింగు నా చేతుల్లో వణికింది.
చలిజ్వరం వచ్చిన గుంటడి దవడలా
టకటకటక,
బండి పూర్తిగా ఆగేదాకా
ఆగలేదు.
ముందు సీట్లో సవర బెన్నయ్య
ఒళ్ళో పనసకాయ వదిలేసి
కడ్డీ పట్టుకున్నాడు.
"దీనికేటో పూనింది" అన్నాడు.

కాశీబుగ్గలో దండాసి మేస్త్రి
బండి కింద దూరి చాలాసేపు మాట్లాడలేదు.
కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి,
ఒక చెప్పుకి పిన్నీసు.
జీడి మిల్లు పొగకి
నా గొంతు గరగరమంటోంది.
"ఎత్తీసినప్పుడు ఈ లింకు రాడ్డు సంగతి
ఆలోసించినావేటి బావు?
మునుపు ఇది పడుకుని ఉండీది.
ఇప్పుడు నిచ్చెనలాగ జారబడిపోనాది.
టైరు ఎగిరినప్పుడల్లా
నువ్వు తిప్పకుండానే తిరుగుతాది."

వంగి చూశాను.
నా చేతికీ నా చక్రానికీ మధ్య ఉన్న
ఆ ఒక్క ఇనుప మాట
వాలిపోయి ఉంది.

గోనెసంచి మీద ఒక్కొక్కటే పెట్టాడు.
డ్యాంపరు.
"సవక. వణుకుని దాస్తాది, మాన్పదు.
అప్పున్నోడు పెళ్ళిలో నవ్వినట్టు."
కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్.
"రాడ్డు సమానమైపోద్ది గానీ
బరువంతా పెట్టె మీద పడతాది.
మీ కొండ రాళ్ళకి ఏడాదికో పెట్టె."
ఇక పవర్ స్టీరింగు,
ముక్కు పోయిన ఏదో బొలెరో నుంచి విప్పింది.
ఎవరి ఆయుధపూజదో, దానిమీద
పసుపు ఇంకా అంటుకునే ఉంది.

నేను దాన్నే చూస్తున్నాను.
కుడి భుజం పోయినేడాది నుంచి
రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు.
ఒక్క వేలితో తిప్పొచ్చు.
రెండో చేత్తో చుట్ట వెలిగించుకోవచ్చు,
బెన్నయ్యకి కూడా.

దండాసి నా చూపు పట్టేశాడు.
"రాయి ఎక్కడుందో వేలికి తెలవాలి గదా.
పై మలుపులో ఇంజను ఆగిందనుకో,
అదే రాయిలాగ బిగుసుకుపోతాది.
మందు భుజానికి కొనుక్కో,
బండికి కాదు."
కోపమొచ్చింది. టీ తాగొచ్చాను.
పోలేదు కోపం.

నాలుగోది గోనె మీద లేదు.
చాక్‌పీసుతో సిమెంటు మీద గీశాడు.
పైనున్న చెయ్యిని కిందికి దించడం కాదు,
చక్రం పక్కనున్న చెవినే
పైకి లేపడం.
రెండు ఉక్కు దిమ్మలు, లావు రాడ్డు, కొత్త బాలు జాయింట్లు.
పలాసలో కోరాడ పకీరు లేతు మీద చెయ్యాలి.
తొందర తెలియని మనిషి.
ఇరవై ఆరు వేలు.
నా జేబులో ఈ ఏటి జీడి సీజను మొత్తం
ఇరవై ఎనిమిది.

నాలుగు రోజులు బండి లేదు.
బెన్నయ్యవాళ్ళు అనాసకాయల కావిళ్ళతో
నడిచి దిగారు.
ఎవరూ ఏమీ అనలేదు.
తిట్టినా బాగుండేది.

ఐదో రోజు, అదే గతుకు.
ఊపిరి బిగబట్టి పోనిచ్చాను.
టక్కుమని ఒక్క చప్పుడు.
అంతే.
బెన్నయ్య పనసకాయని ముక్కు దగ్గర పెట్టుకుని
పండిందో లేదో చూసుకుంటున్నాడు.
"హారను బాగు సేయించనేదేటి?" అన్నాడు.

వణుకు రాలేదు.
ఆ సంగతి చేతులకి ఎవరు చెప్పాలి?
కాశీబుగ్గ దాకా
అవి అలాగే
బిగించి పట్టుకుని ఉన్నాయి.